పదికి పది

బడికి రెండు కొండల దూరం.
మొదటి కొండ మాది, రెండోది గాలిది.
తెల్లారకముందే బయల్దేరితే
అల్పకా ఉన్నితో అవ్వ నేసిన గుడ్డలో
పుస్తకాలు వీపుకి కొట్టుకుంటూ నాతో నడిచేవి.
జేబులో రెండు ఉడికిన దుంపలు,
దారిలో చేతులకి వెచ్చదనం
మధ్యాహ్నానికి భోజనం.

జూన్‌లో మాత్రం నాకు బడి లేదు.
ఆ నెల ఆకాశం కూడా మాతో బదులుపనికి వచ్చేది:
రాత్రంతా దుంపల్ని గడ్డకట్టించేది,
పగలంతా కరిగించేది,
మధ్యలో తొక్కాల్సింది మేము.
నాన్న డమాసో, అవ్వ పాస్కువాలా, అన్న, నేను
వట్టికాళ్ళతో వరసగా.
నేను తింటాను, నువ్వు తింటావు, ఆమె తింటుంది
అని స్పానిష్ క్రియలు వల్లిస్తూ తొక్కేదాన్ని.
కాళ్ళకింద దుంపలు నీళ్ళు వదిలేవి.
ఒక్క ముక్క అర్థం కాకపోయినా
నేను ఆపితే అవ్వా ఆగేది.
"కానీవే, దానికే నా కాలు ఆడుతోంది" అనేది
కెచువాలో.

అలా ఎండిన చూన్యో ఏళ్ళతరబడి నిలవుంటుంది.
ఒక బస్తా అమ్మితే నా యూనిఫాం,
ఇంకో అరబస్తాకి నోటు పుస్తకాలు.
అన్న యూసేబియో ఐదో తరగతితో ఆపేసి లారీలెక్కాడు,
జూన్‌కి మాత్రం దిగేవాడు.
నువ్వు చదువు, నేను మోస్తా అనేమీ అనలేదు వాడు.
వాడికి లారీలంటే ఇష్టం. అంతే.

ఏడో తరగతి, వ్యవసాయం పరీక్ష.
మూడో ప్రశ్న: బంగాళాదుంప రకాలు రాయుము. మార్కులు పది.
పుస్తకంలో ఉన్నవి మూడు.
తెల్ల రకం, పసుపు రకం, మెరుగుపరిచిన రకం.
పెన్సిలు కొరుకుతూ కూర్చున్నాను.
మా చేలో పూమా పంజా ఉంది.
లామా ముక్కు ఉంది.
కోస్తే లోపల ఊదారంగు మబ్బు పట్టి ఉండేది ఉంది.
బుడిపెల సందుల్లో తొక్క ఊడిరాక
కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకి
కళ్ళనీళ్ళు తెప్పించే కోడలేడుపు ఉంది.
వడగళ్ళకి ఓర్చేది, పెళ్ళికే వండేది,
చావింటికి మూటకట్టి తీసుకెళ్ళేది.
వాటికి స్పానిష్‌లో పేర్లు లేవు.
కెచువాలో ఎలా రాయాలో నాకు తెలీదు,
మా ఇంట్లో ఆ పేర్లని పిలవడమేగానీ
ఎవరూ ఎప్పుడూ రాసి చూళ్ళేదు.

మూడే రాశాను.
ఆబ్దోన్ మేష్టారు ఎర్రసిరాతో పదికి పది వేసి
కింద రెండు గీతలు గీశారు.

తిరిగొచ్చేటప్పుడు కాగితం మడిచి
జేబులో దుంపల చోట పెట్టుకున్నాను.
రెండో కొండ మీద చెయ్యి దూర్చి చూస్తే
చల్లగా ఉంది.

ఆ రాత్రి నాన్న "చదువు" అన్నాడు.
పొయ్యి పక్కన గినీపందులు కిచకిచమంటున్నాయి.
చదివాను.
తెల్లది. పసుపుది. మెరుగుపరిచింది.
నాన్న ఇంకా వింటూనే ఉన్నాడు,
తల ఓ పక్కకి వంచి,
దూరాన వస్తున్న వాన చప్పుడు పట్టుకుంటున్నవాడిలా.

కాగితం మీంచి కళ్ళు ఎత్తకుండానే
పూమా పంజా అన్నాను.
లామా ముక్కు.
కోడలేడుపు అంటే అవ్వ కిసుక్కున నవ్వింది.
వేలు గీతల మీద జరుపుతూ
ఎర్రసిరా దాటి, కాగితం అంచు దాటి
ముప్ఫైతొమ్మిది దాకా వెళ్ళి ఆగిపోయాను.
చీకట్లోంచి అవ్వ ఇంకో రెండు అందించింది.
అవీ చదివాను.

నాన్న కాగితం తీసుకున్నాడు.
గోళ్ళలో మన్ను అంటకుండా చివర్లు పట్టుకుని
అటూ ఇటూ తిప్పి చూశాడు.
"ఇంత చిన్నదాన్లో అన్నీ పట్టాయా" అన్నాడు.
అడిగాడో, ఊరికే అన్నాడో
ఇప్పటికీ తేల్చుకోలేను.

లేచి వెళ్ళి
విత్తనపు దుంపల మీద పరిచిన
మున్యా ఆకుల కింద దాచాడు,
పురుగు పట్టకుండా.